ఎత్తిన చేతుల లెక్క

బంగారుపాళ్యం దాటినాక
గుజ్జు ఫ్యాక్టరీ పులిసిన వాసన ఎదురొచ్చే మలుపులో మా ఊరు.
పంచాయితీ గుమస్తాని. నాకు వచ్చింది ఒకటే విద్య.
తలకాయలు లెక్కపెట్టేది, తీర్మానం రాసేది.

ఆ దినం బడి ముందర షామియానా.
దొరస్వామన్న మైకు పట్టుకోని
"చెప్పేదానికి నేనెవుర్నబ్బా?
మీరు చెప్పండి, నేను చేస్తా" అన్నాడు.

ఎంత కమ్మటి మాట!
ముప్పై ఏండ్ల కొలువులో నేను చూసిందేమి?
నలుగురు పెద్దమనుషులు, ఒక అరుగు,
నడిమధ్య వక్కాకు తట్ట.
వాళ్లు నమిలి ఉమిసిందే ఊరికి చట్టం.
అందుకే నేను నవ్వలేదు.
అడిగినాడు గదా ఒకడు అని
నాకూ రోంత గొంతు పట్టేసింది.

ప్రశ్న మాత్రం
కాగితంలో ముందే రాసి మడిచి జోబీలో ఉండాది.
ఉండేది ఒక బోరు. నీళ్లు ఎగువూరికి దినామూ,
దిగువవాడకి మూడు దినాలకొకతూరి.
అవునా, కాదా?

అవునా, కాదా.
తక్కెడకు రెండే తట్టలు.
బోరు ఎందుకెండిందో వేసి తూచే తట్ట లేదు.
గుట్టను జున్ను ముక్కల మాదిరి కోసి
రాత్రంతా లారీల్లో మద్రాసు హార్బరుకు తోలేది ఎవురి బామ్మర్దో
ఆ తక్కెడలో పట్టదు.

చేతులు లేచినాయి.
తోతాపురి సొన కాలి నల్లబడిన చేతులు,
గాజులు మోచేతి దాకా జారిన చేతులు,
పక్కోడు ఎత్తినాడని ఎత్తిన చేతులు,
ఒక బడిపిల్లోడిది కూడా. అది కొట్టేసినా.
నాది ఎగువూరే.
నా చేతిలో పెన్ను ఉండె, అందుకే ఎత్తలేదు.
ఆ మాట చెప్పుకొని శానా దినాలు నిద్రపోయినా.

మూడు వందల పన్నెండు అవును.
నలభై ఒకటి కాదు.
నలభై ఒకటంటే దిగువవాడ మొత్తం.
అంతకన్నా ఎక్కువమంది వాళ్లలో పుట్టలేదు,
దానికి ఎవురేం చేస్తారు?

చప్పట్లు. బూందీ పొట్లాలు.
దిగువవాడోళ్లకి కూడా ఇచ్చినారు, తేడా లేకుండా.

చేతుల్ని తిట్టలేను నేను.
పోయినేడు ఇదే బడి ముందర
ఇవే చేతులు లేచి సారా అంగడి మూయించినాయి.
షామియానా లేదు, మైకు లేదు.
ఆ తూరి ప్రశ్న రాసింది వల్లెమ్మ,
బడి గోడ మీద, బొగ్గుతో,
రెండు అక్షరాలు తప్పు.

ఆ వల్లెమ్మే ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
పరిగెత్తుకోని వచ్చేతలికి లెక్క అయిపాయ.
"నా చెయ్యి కూడా రాసుకో సామీ."
"దేనికి? అవునుకా, కాదుకా?"
"రెండిటికీ కాదు. ఇంగో ప్రశ్న ఉండాది, దానికి."

రిజిస్టరు తిరగేసి చూపించినా.
అట్లాంటి గడి లేదు.
ఆయమ్మ ఎత్తిన చెయ్యి
దించే జాగా తెలియనట్టు రోంతసేపు అట్లే పెట్టుకోని
తరవాత కొంగుతో మొహం తుడుచుకునింది.

చేతులెత్తేదానికీ చేతులెత్తేసేదానికీ
మా భాషలో తేడా ఒక్క అక్షరమే.
ఆ సాయంత్రం యాడ ఏది జరిగిందో
నా తీర్మానం చదివితే తెలవదు.

ఆడి నెలలో ఒక తెల్లారుజామున
ఎగువూరి కొళాయి బుస్సుమని గాలి కక్కింది.
మా ఆడది కాలీ బిందె తెచ్చి
నా ముందర పెట్టి పోయింది, మాట్లాడకుండా.

మళ్లీ షామియానా వేస్తారంట ఆదివారం.
దొరస్వామన్న మళ్లీ అడుగుతాడంట, మనమే చెప్పాలంట.
పొద్దున బడికాడికి పోయినా కుర్చీలు ఎంచేదానికి.
గోడకు కొత్తగా సున్నం కొట్టుండారు, ఒకే పూత.
వంగి చూస్తే
లోపల బొగ్గు రాత ఇంకా కనపడతా ఉండాది,
ఆ రెండు తప్పులతో సహా.